సెగక్క చేతిమాట

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఆ ఫోన్ల కంపెనీలో అడుగుపెట్టిన ఏడాదికల్లా అది మరుగున పడిపోయింది. గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకుని పై అంతస్తులో కూర్చునే పెద్దసారు దాకా అందరికీ ఆవిడ సెగక్కే. "సెగక్క వచ్చిందా?" "సెగక్కని అడిగారా?" "సెగక్క ఊఁ అంటేనే పని ముందుకి."

ఆవిడ చేసే పని చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మేవాళ్ళు కారు. కుర్చీలో కూర్చుని, ఛార్జింగ్ ఎక్కుతున్న ఫోన్ని చేత్తో పట్టుకోవాలి. ఎప్పుడు వెచ్చబడింది, ఎప్పుడు వేడెక్కింది, ముందు ఏ వేలి కింద తగిలింది, ఎక్కడికొచ్చేసరికి ఇక పట్టుకోబుద్ధి కాలేదు, అవన్నీ నోటితో చెప్పాలి. అంతే పని. "ఫోన్ పట్టుకున్నందుకు జీతమా! మా ఇంట్లో పిల్లలు పొద్దస్తమానం ఊరికే పట్టుకుంటున్నారు, వాళ్ళనీ చేర్చుకోమనకూడదా వదినా?" అని పక్కింటావిడ వేళాకోళం చేసేది.

చేరిన కొత్తలో సెగక్కకీ అదే అనుమానం. గదినిండా మిషన్లే. వేడిని రంగుల బొమ్మగా చూపించే కెమెరా ఒకటి, ఫోన్ ఒంటినిండా అతికించిన సన్నటి తీగలు, వాటి అంకెలు చూపించే తెర. "ఇన్ని ఉండగా నా చెయ్యెందుకు తల్లీ?" అని ఆ గదిని నడిపే ఇంజనీరమ్మాయిని అడిగింది.

"ఎంత వేడుందో మిషన్ చెబుతుందక్కా. అది చేతికి ఎలా ఉందో చెప్పదు," అంది ఇంజనీరమ్మాయి. "గాజు వీపున్న ఫోనూ, ప్లాస్టిక్ వీపున్న ఫోనూ ఒకే వేడి మీద ఉన్నా చేతికి ఒకేలా తగలవు. ఒకచోట చురుక్కుమనడం వేరు, అరచెయ్యంతా కమ్ముకోవడం వేరు. ఫోన్ తొందరగా నిండాలంటే కరెంటు ఎక్కువ తొయ్యాలి. ఎక్కువ తోస్తే లోపల ఉడికిపోతుంది. బ్యాటరీకీ మంచిది కాదు, పట్టుకున్నవాళ్ళకీ మంచిది కాదు. అందుకే వేడి ఒకచోటికి రాగానే ఫోన్ తనంతట తనే కరెంటు తగ్గించుకునేలా మేం ఏర్పాటు చేస్తాం. ఎక్కడ తగ్గించాలన్నదే మా తలనొప్పంతా. ముందే తగ్గిస్తే ఛార్జింగ్ నత్తనడక నడుస్తుంది, ఆలస్యం చేస్తే చెయ్యి కాలుతుంది. ఆ చోటు ఎక్కడో మీ చెయ్యి చెప్పాలి."

ఆ చెయ్యి అల్లాటప్పా చెయ్యి కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ సెగక్క మొగుడితో కలిసి ఇస్త్రీ కొట్టులో పనిచేసింది. పెట్టెని చెంప దగ్గరికి తెచ్చి, ఇది పట్టుబట్టకి, ఇది నూలుబట్టకి అని చెప్పేసేది. ఆవిడ చేతిలో ఒక్క బట్ట కూడా కమిలింది లేదు. ఆ నేర్పు చూసే ఒక ఖాతాదారుడు ఈ ఉద్యోగం సంగతి చెప్పాడు. వచ్చిన మొదటివారమే తెర చూడకుండా, ఫోన్ ఏ మూల ముందు వేడెక్కుతోందో చెబుతుంటే ఇంజనీరమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. పట్టుకునేవాళ్ళు ఇంకొందరు ఉన్నా, మొదటి ఫోన్ ఎప్పుడూ సెగక్క చేతికే వచ్చేది.

ఆవిడకి జీతం కంటే ఇంకోటి తీపి. చదువుకున్నవాళ్ళు చుట్టూ మూగి, కలాలు పట్టుకుని, తను ఏమంటుందోనని ఎదురుచూడటం. జన్మలో ఎవరూ ఆవిడ మాట కోసం అలా ఆగింది లేదు. ఇంట్లో కూర ఏం వండాలన్నదీ అత్తగారే చెప్పేది. ఇక్కడ ఆవిడ "ఇక చాలు" అంటే ఒక ఫోన్ నడకే మారిపోయేది.

మొదట వేళ్ళ చివర చీమలు పాకినట్టు ఉండేది. బట్టలు ఉతికి ఉతికి అనుకుంది. తర్వాత ఆ చీమలు కూడా పోయాయి. చేతికి పల్చటి తొడుగేదో తొడిగినట్టు, ఏది ముట్టుకున్నా దూరంగా ఉన్నట్టు ఉండేది. షుగర్ ఉందని ఎప్పుడో చెప్పారు. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది, ఒంట్లో బాగానే ఉందనిపిస్తే మానేసేది.

ఒకరోజు పొద్దున పొయ్యి మీది గిన్నె దించి గట్టు మీద పెడుతుంటే మొగుడు కేకేశాడు. "ఏమేవ్! గుడ్డ లేకుండా పట్టుకున్నావేంటే?"

"కాలలేదండీ."

"కాలకపోవడమేంటి, నీ చెయ్యి చూసుకో."

చూసుకుంది. వేళ్ళు ఎర్రగా కంది, రెండు చోట్ల బొబ్బలు తేలుతున్నాయి. తన చెయ్యి కాదేమో, ఇంకెవరిదో చూస్తున్నానేమో అనిపించింది. మొగుడు అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు. డాక్టరు ఆవిణ్ణి కళ్ళు మూసుకోమని, సన్నటి దారంలాంటిదాంతో తాకుతుంటా, తగిలినప్పుడల్లా చెప్పమ్మా అన్నాడు. సెగక్క బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంది. చాలాసేపైంది.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరుగారూ?"

 కళ్ళు తెరిచి చూస్తే ఆయన ఒక చెయ్యి పూర్తిచేసి రెండోదాని మీదున్నాడు. షుగర్ నరాలని తినేస్తోందమ్మా, అన్నాడు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం, ఉన్నది కాపాడుకోవాలి, నిప్పుతో పని తగ్గించుకో అన్నాడు. ఆవిడ ఏం పనిచేస్తుందో ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

దారిలో మొగుడు మెల్లగా అన్నాడు. "ఆఫీసులో చెప్పెయ్యవే."

"చెబితే ఉంచుతారా?"

"ఉంచకపోతే కొట్టు ఉంది, నేనున్నాను. గంజో గటకో తాగుదాం."

"మీకేం, అంటారు," అని విసురుగా ముందుకు నడిచింది. ఆయన మీద కోపం కాదు అది. రేపట్నుంచి తన మాట కోసం ఎవరూ ఆగరన్న ఊహ మీద.

అలా దాపరికం మొదలైంది. ఇంజనీరమ్మాయి వెనకాల అద్దాల బీరువా ఒకటుంది. తెర మీది రంగుల బొమ్మ అందులో మసగ్గా కనబడేది. నీలం పచ్చగా మారితే "వెచ్చబడింది", ఎరుపు తిరిగితే "వేడెక్కింది" అనేది. అది కనబడనప్పుడు చెమట తుడుచుకుంటున్నట్టు చెయ్యెత్తి ఫోన్ పైభాగాన్ని చెంపకి ఆనించుకునేది. చెంపకి ఇంకా తెలివుంది. పైగా ఇన్నేళ్ళ అనుభవంలో ఏ ఫోన్ ఎంతసేపటికి ఎలా అవుతుందో ఇట్టే ఊహించగలదు. ఊహలు దాదాపు సరిపోయేవి. సరిపోయిన ప్రతిసారీ ఆవిడకి కాస్త ధైర్యం, కాస్త సిగ్గు.

ఆ రోజుల్లోనే కొత్త ఫోన్ వచ్చింది. పెద్దసారు ఏదో సభలో మైకు పట్టుకుని, కాఫీ తాగి కప్పు కింద పెట్టేలోగా మా ఫోన్ నిండిపోతుందని గొప్పగా చెప్పొచ్చాడు. కింద గదిలో వాళ్ళకి నిద్రాహారాల్లేవు. తొందరగా నింపడానికి బ్యాటరీని రెండు ముక్కలు చేశారు, వేడిని అటూ ఇటూ పంచడానికి లోపల పల్చటి రాగిరేకు పరిచారు, కరెంటుని అదుపుచేసే ముక్కని ఎప్పుడూ ఉండే పైభాగం నుంచి కింద అంచుకి జరిపారు. ఇవేవీ పట్టుకునేవాళ్ళకి చెప్పరు. చెబితే మనసు ముందే అక్కడ వేడిని వెతుక్కుంటుందని ఇంజనీరమ్మాయి నియమం. కొత్త సామాన్లు వచ్చాయని ఇంజనీరమ్మాయి బల్లనీ దాని మీది తెరనీ కూడా ఇటు గోడకి జరిపారు. అద్దాల బీరువాలో ఇప్పుడు కిటికీ తప్ప ఇంకేమీ కనబడటంలేదు.

సెగక్క ఫోన్ పట్టుకుంది. కాసేపాగి చెమట తుడుచుకుంది. పైభాగం చెంపకి గోరువెచ్చగా తగిలింది.

"వెచ్చగా ఉంది. పట్టుకోవచ్చు."

ఇంజనీరమ్మాయి కనుబొమలు ముడిపడ్డాయి. "కింద అంచు దగ్గర? చిటికెనవేలి కింద?"

సెగక్క ఫోన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "అక్కడా అంతే."

ఆవిడ తర్వాత ఆ కుర్చీలో కండక్టర్ అన్నయ్య కూర్చున్నాడు. బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దమనిషి, ఇంట్లో తోచక ఈ పనికి వస్తుంటాడు. మాట కలపకుండా ఉండలేడు, అందరినీ నవ్విస్తుంటాడు. ఆయన ఫోన్ పట్టుకున్న కాసేపటికి చెయ్యి మార్చుకుని, "కింద కొంచెం చురుక్కుమంటోందమ్మా," అన్నాడు. కుట్టుమిషన్ పనిచేసే ఇంకో అమ్మాయి కూడా వేడే అంది, కానీ ఎంత వేడో గట్టిగా చెప్పలేకపోయింది.

మర్నాడు పెద్దసారు స్వయంగా కిందికి దిగొచ్చాడు. ఇంజనీరమ్మాయి ఆయనకి తెర చూపిస్తూ, "అంకె హద్దులోనే ఉంది సార్, కానీ చేతికి బాగోలేదని ఇద్దరంటున్నారు. కరెంటు ఇంకాస్త ముందే తగ్గిద్దాం," అంది. తగ్గిస్తే కాఫీ కప్పు కాస్తా భోజనం పళ్ళెం అవుతుందని ఆయన చిటపటలాడాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన సెగక్క వైపు తిరిగాడు.

"ఎందుకొచ్చిన గొడవ! సెగక్కా, నువ్వు చెప్పు. పట్టుకోవచ్చా, లేదా?"

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఎక్కడ తగిలిందో, ఎలా తగిలిందో వర్ణించాలి. నిన్న చెప్పింది ఈవేళ ఎందుకు మారిందో చెప్పాలి. 

"పట్టుకోవచ్చు సార్."

"అద్గదీ! సెగక్క చెప్పాక ఇంకేంటి!" అని పెద్దసారు బల్ల మీద చరిచి వెళ్ళిపోయాడు. ఇంజనీరమ్మాయి తెర ఆపేసింది.

సాయంత్రం గేటు దగ్గర కండక్టర్ అన్నయ్య కలిశాడు. ఎప్పుడూ లేంది దిగులుగా ఉన్నాడు. "నా చెయ్యే ముసలిదైపోయింది చెల్లెమ్మా. లేని మంటలు కనిపెడుతోంది. నీకు ఏమీ అనిపించలేదంటే మరి తప్పు నాదేగా," అన్నాడు. సెగక్క చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగింది. తల ఎత్తేసరికి ఆయన రోడ్డు దాటేశాడు.

బజారులోకి పంపేముందు కొన్ని ఫోన్లు పనివాళ్ళకే వాడి చూడమని ఇచ్చారు. కండక్టర్ అన్నయ్యకీ ఒకటి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో పాటలు వింటూ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టుకుని, దాన్ని పొట్టకీ ముంజేతికీ మధ్య ఒత్తిపెట్టుకుని నిద్రలోకి జారుకున్నాడు. మెలకువగా ఉన్నవాడైతే చిరాకేసి పక్కన పడేసేవాడే. నిద్రపోయేవాడికి ఆ వేడి మెల్లమెల్లగా పనిచేసుకుంటూ పోయింది.

చేతికి కట్టుతో పనికి వచ్చాడు. "నా సర్వీసంతా నేను జనానికి టికెట్ కొట్టాను. ఇప్పుడు మీ ఫోన్ నాకు కొట్టింది," అంటుంటే గదిలో అందరూ నవ్వారు. ఇంజనీరమ్మాయి నవ్వలేదు. కట్టు విప్పి చూసింది. ముంజేతి మీద ఫోన్ కింద అంచు గీత గీసినట్టు అచ్చుపడి, చర్మం ఉబ్బి నీరు పట్టింది. సెగక్క ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. 

"నేనే గట్టిగా నిలబడాల్సింది," అంది ఇంజనీరమ్మాయి, ఎవరితోనో కాదు, తనలో తనే.

మర్నాడు అందరి చేతులూ ఒకసారి సరిచూసుకుందాం అని కబురుపెట్టింది. ఫోన్ ఆకారంలో ఉన్న ఒక లోహపు పలక ఉంటుంది. దాన్ని మెల్లగా వేడెక్కిస్తారు. పట్టుకోలేననిపించగానే వదిలెయ్యాలి. ఒక్కొక్కరే లోపలికి రావాలి, తెర కనబడదు, మోచేతులు కుర్చీ చేతుల మీదనుంచి ఎత్తకూడదు.

ఇంట్లో మొగుడు, "వెళ్ళకు. ఒంట్లో బాగాలేదని చెబుతా," అన్నాడు.

"ఒక్కదాన్నే రాకపోతే తెలిసిపోదూ?"

"తెలియనీవే! ఆ ముసలాయన చెయ్యి కాలింది. ఇంకా ఏం తెలియకూడదని నీ బాధ?"

సెగక్క తల దువ్వుకుని బయల్దేరింది. తనకున్న అంచనా తనకుంది. కండక్టర్ అన్నయ్య లోపల ఎంతసేపు ఉంటాడో బయట బెంచీ మీద కూర్చుని గమనిస్తే చాలు, తనూ అంతసేపే పట్టుకుని వదిలేస్తుంది. అలాగే గమనించింది. మనసులో లెక్క పెట్టుకుంది. తన వంతు వచ్చింది.

ఆవిడకి తెలియనిది ఒకటే. అంచనాతో వదిలెయ్యకుండా ఉండాలని, ఇంజనీరమ్మాయి ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో వేడెక్కిస్తోంది.

సెగక్క పలక పట్టుకుంది. లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ, ఎదురుగా గోడ వైపు చూస్తూ, మధ్యలో "వెచ్చబడింది" అంది. ఇంజనీరమ్మాయి తెర మీది అంకె చూసి, తల ఎత్తి ఆవిణ్ణి వింతగా చూసింది. ఇంకాసేపటికి "వేడెక్కింది" అంది. చెయ్యి మాత్రం కదలలేదు. ఆవిడ లెక్క ఇంకా పూర్తి కాలేదు.

"అక్కా, వదిలెయ్!"

కుర్చీ పడిపోయేలా లేచొచ్చి ఇంజనీరమ్మాయి పలకని చేతిలోంచి లాగిపారేసింది. అది నేలమీద ఖంగున పడింది.

"ఏమైంది తల్లీ?" అంది సెగక్క.

ఇంజనీరమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుని చెయ్యి తిప్పి చూపించింది. అరచెయ్యి పొడుగునా ఎర్రటి పట్టీ. వేళ్ళ మొదట్లో తెల్లగా పొంగుతోంది. ఆ చప్పుడుకి తలుపు తీసుకుని లోపలికొచ్చిన కండక్టర్ అన్నయ్య అది చూశాడు. తన కట్టు వైపు చూసుకున్నాడు.

చేతులు కడుక్కునే గదిలో కుళాయి కింద ఆ చెయ్యి పెట్టి ఇంజనీరమ్మాయే పట్టుకుని నిలబడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో సెగక్కకి తెలియలేదు. 

"షుగర్ తల్లీ," అంది చివరికి. "నరాలు పోయాయన్నారు."

"నాకు చెప్పాలిగా."

"చెబితే ఈ చెయ్యి నీకెందుకు?"

ఇంజనీరమ్మాయి చూపు నీళ్ళ మీదే ఉంది. "పెద్దసారు అడిగిన రోజు నేను మీ మొహమే చూస్తున్నాను. మీరొక్కమాట కాదని ఉంటే నేను ఆయనతో పోట్లాడేదాన్నక్కా. మీ మాట మీద నమ్మకంతో మిగతా ఇద్దరి మాటనీ నేనే పక్కన పెట్టాను."

సెగక్క చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది ఇంజనీరమ్మాయి.

"పొయ్యి దగ్గర చెయ్యి కాలినప్పుడు తెలిసింది."

"తెలిసినప్పుడు కాదు. మొద్దుబారింది ఎప్పటి నుంచి? అంతకుముందు ఫోన్ అప్పుడు ఉందా స్పర్శ? దాని ముందుది?"

సెగక్క గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. చీమలు పాకడం ఎప్పుడు మొదలైంది? అవి ఎప్పుడు ఆగిపోయాయి? ఉన్నదేదో ఒక రోజున పోతే తెలుస్తుంది గానీ, రోజుకి కాస్త చొప్పున అరిగిపోయినదాన్ని ఎక్కడని పట్టుకోవడం? "తెలీదమ్మా," అంది. ఇంజనీరమ్మాయి మొహం పాలిపోయింది. ఆ మొహం సెగక్క చాలాకాలం మరిచిపోలేకపోయింది.

కొత్త ఫోన్ విడుదల వాయిదా పడింది. కరెంటు తగ్గించుకునే చోటు ముందుకి జరిగింది. పెద్దసారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. అప్పట్నుంచి పట్టుకునేవాళ్ళందరి వేళ్ళకీ నెలనెలా దారంతో పరీక్ష పెట్టారు. సెగక్కని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. సామాన్ల గదిలో ఏదైనా పని చూస్తామన్నారు. ఆవిడే వద్దంది. ఆ గది ముందు నుంచి రోజూ నడిచే ధైర్యం ఆవిడకి లేకపోయింది.

కండక్టర్ అన్నయ్య ఇంటికొచ్చి పలకరించాడు. "నాకు చెప్పలేకపోయావా చెల్లెమ్మా?" అన్నాడు, ఎప్పటిలా నవ్వించకుండా. "కాలినందుకు కాదు. నా చెయ్యి పనికిరాదని నువ్వు నన్ను అనుకోనిచ్చావు చూడు, అదే కష్టమనిపించింది." మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. దారిలో కనబడితే తల ఊపేవాడు.

సెగక్క కొట్టుకి తిరిగొచ్చింది. పెట్టె ముట్టుకోవద్దని మొగుడు గట్టిగా చెప్పాడు. బట్టలు మడతపెట్టడం, లెక్క చూసి ఇవ్వడం ఆవిడ పని. మాత్రలు వేళకి వేసుకుంటోంది. రోజూ స్నానం చేసి వెలుగులో కూర్చుని, చేతులూ కాళ్ళూ ఎక్కడైనా తెగాయేమో, కమిలాయేమో అని కళ్ళతో వెతుక్కుంటోంది. ఇంజనీరమ్మాయి వాళ్ళు పాత ఫోన్లన్నీ మళ్ళీ బయటికి తీసి పరీక్షిస్తున్నారని ఎవరి ద్వారానో తెలిసింది. అందులో ఏం తేలిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అడిగే మొహమూ లేదు.

ఒకరోజు ఎదురుగా పచారీ కొట్టాయన చొక్కాలు తీసుకోవడానికి వచ్చాడు. వస్తూనే చేతిలో ఫోన్ చూపిస్తూ గోల మొదలుపెట్టాడు.

"మీ కంపెనీదేనమ్మా ఇది. ఈ మధ్య ఏదో అప్‌డేట్ అని వచ్చింది, అప్పట్నుంచీ ఛార్జింగ్ నత్తలా ఎక్కుతోంది. కొన్నప్పుడు ఎంత బాగుండేది! ఓ బేరం ముగించేలోగా నిండిపోయేది. కొత్తది కొనిపించడానికి కాకపోతే ఏంటీ వేషాలు? మీకు తెలిసినవాళ్ళుంటారుగా, కాస్త అడగండి."

సెగక్క ఆ ఫోన్ చూసి గుర్తుపట్టింది. రెండేళ్ళ కిందటిది. పట్టుకోవచ్చని దీని గురించీ తనే చెప్పింది. ఆ రోజు నిజంగా వేళ్ళకి తెలిసి చెప్పిందో, అలవాటుకొద్దీ చెప్పిందో ఇప్పుడెంత తల బద్దలుకొట్టుకున్నా తేలదు.

"ఇదివరకు ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు చేతికి వేడిగా తగిలేదా అన్నయ్యా?"

"ఎందుకు తగల్దు! ఈ పక్కంచు దగ్గర పట్టుకుంటే చుర్రుమనేది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పడానికేముందమ్మా? అంత పెద్ద కంపెనీవాళ్ళు చూసుకోకుండా ఉంటారా? అది అంతేనేమో, నా చెయ్యే సుకుమారమేమో అనుకున్నా," అని నవ్వి, చొక్కాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మొగుడు ఇస్త్రీ ఆపి ఆవిడ వైపు చూశాడు. సెగక్క చేతిలో ఉన్న దుప్పటి ఒక కొస ఎప్పుడు జారిందో తెలియలేదు, నేలమీద పడి ఉంది. వంగి తీసుకుని, దులిపి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది.